తుపాకి, మందు, తూటా: అమెరికా స్వాతంత్ర్య యుద్ధంపై గోదావరి పాఠకుల ప్రశ్నలు

ఉత్తర అమెరికాలోని 13 ఇంగ్లీషు వలసరాజ్యాలు 1775 నుంచి 1783 వరకు సాగించిన స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులు ఎలాంటి ఆయుధాలు పట్టుకుని పోరాడారని అడుగుతూ కోనసీమ నుంచి, కాకినాడ, భీమవరం ప్రాంతాల నుంచి, యానాం నుంచి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. ప్రశ్నలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా ఎనిమిదో తరగతి పిల్లలు అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ సైనికులు ఏ తుపాకి వాడారని అడిగారు. అందరికీ ఒకే రకం తుపాకి ఉండేదా, లేక ఎవరికి దొరికింది వారు వాడారా?
— ఒక ఉపాధ్యాయురాలు, అమలాపురం

మీ పిల్లల ప్రశ్నకు రెండో మాటే సరైన జవాబు. తొలి రెండు సంవత్సరాల విషయంలో అది మరీ నిజం. 1775 ఏప్రిల్ 19న మాసచూసెట్స్‌లోని లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాల దగ్గర మొదటి కాల్పులు జరిగినప్పుడు ఇంగ్లీషు పటాలాలను ఎదిరించినవారు జీతం తీసుకునే సిపాయిలు కారు. ఊరికి ఆపద వస్తే పరుగున రావలసిన బాధ్యత ఉన్న రైతులు, కమ్మరులు, వడ్రంగులు. వారిలో కొందరి చేతుల్లో ఇంట్లో ఉన్న వేట తుపాకులు, కొందరి చేతుల్లో అంతకుముందు ఫ్రెంచివారితో జరిగిన యుద్ధంలో రాజు తరఫున పోరాడిన రోజులనాటి ఇంగ్లీషు తుపాకులు, మరికొందరి చేతుల్లో అదే యుద్ధంలో శత్రువు నుంచి లాక్కున్న ఫ్రెంచి తుపాకులు ఉండేవి.

వీటిలో ఎక్కువగా కనిపించేది ఇంగ్లీషు సైన్యపు తుపాకి. దానిని జనం బ్రౌన్ బెస్ అని పిలిచేవారు. దాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు, బరువు సుమారు నాలుగున్నర కిలోలు. పాత నమూనాలో గొట్టం పొడవు 46 అంగుళాలు, తరువాతి నమూనాలో 42 అంగుళాలు. యుద్ధం మొదలైన తరువాత ఆయా వలసరాజ్యాల రక్షణ సమితులు స్థానిక కమ్మరుల చేత దాదాపు ఇదే నమూనాలో తుపాకులు చేయించాయి. 1777 నుంచి ఫ్రాన్సు తుపాకులు ఓడలలో వేల సంఖ్యలో దిగడం మొదలుపెట్టాయి. వాటిని తయారుచేసిన రాజ కర్మాగారాలలో ఒకటి ఉన్న ఊరి పేరు మీద అమెరికన్లు వాటన్నిటినీ షార్లెవిల్ తుపాకులు అన్నారు. వాటి గొట్టం కాస్త సన్నం, సుమారు 17.5 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు తుపాకి కంటే అవి కొంచెం తేలిక. గొట్టాన్ని కొయ్యకు బిగించడానికి ఇంగ్లీషువారు మేకులు వాడితే ఫ్రెంచివారు లోహపు పట్టీలు వాడినందువల్ల విప్పి శుభ్రం చేయడం కూడా సులువుగా ఉండేది.

పిల్లలకు ఇక్కడ ఒక లెక్క చెప్పి చూడండి. ఇంగ్లీషు తుపాకి కోసం పోసిన సీసపు గుండు ఫ్రెంచి గొట్టంలో దిగదు. ఫ్రెంచి గుండు ఇంగ్లీషు గొట్టంలో దిగుతుంది గానీ మరీ వదులై గురి ఇంకా చెడుతుంది. ఒకే పటాలంలో మూడు నాలుగు కొలతల తుపాకులు ఉంటే, యుద్ధం మధ్యలో ఒకరి తూటాలు అయిపోయినప్పుడు పక్కవాడి సంచిలోనుంచి తీసుకుని పేల్చడం కుదరదు. తూటాలు చుట్టి పంపే ఉద్యోగులకు ఇది నిత్యం తలనొప్పిగా ఉండేది. నా దృష్టిలో ఫ్రెంచి తుపాకుల వల్ల కలిగిన పెద్ద మేలు వాటి నాణ్యతకంటే, సైన్యంలో పెద్ద భాగానికి ఒకే కొలత అమరడం.

సీసం సంగతి కూడా పిల్లలకు నచ్చుతుంది. 1776 జూలై 9న న్యూయార్కులో స్వాతంత్ర్య ప్రకటనను చదివి వినిపించిన సాయంత్రమే జనం మూడో జార్జి రాజు సీసపు విగ్రహాన్ని పడదోశారు. ఆ సీసంలో చాలా భాగాన్ని కనెటికట్‌లోని లిచ్‌ఫీల్డ్ గ్రామానికి తరలించగా, అక్కడి స్త్రీలు, పిల్లలు దానిని కరిగించి 42,088 తూటాలు తయారుచేశారని నాటి లెక్కలు చెబుతున్నాయి.

ప్రశ్న: ఆ తుపాకిని ఒకసారి పేల్చి మళ్ళీ నింపడానికి ఎంతసేపు పట్టేది? వానలో అవి పేలేవా? వరుసగా నిలబడి ఒకరికొకరు ఎదురుగా కాల్చుకోవడం తెలివితక్కువ పని కాదా?
— ఒక రైతు, రాజోలు

మూడు ప్రశ్నలకూ జవాబు ఆ తుపాకి నిర్మాణంలోనే ఉంది. సైనికుడి నడుముకు వేలాడే తోలు పెట్టెలో కాగితంలో చుట్టిన తూటాలు ఉంటాయి. ఒక్కొక్క తూటాలో ఒక సీసపు గుండు, దానికి సరిపడా మందు. అతడు తూటా కొసను పళ్ళతో కొరికి, కొద్దిపాటి మందును గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి మూత వేస్తాడు. తరువాత తుపాకిని నిలబెట్టి, మిగిలిన మందును గొట్టంలో పోసి, గుండును, దానితోపాటు కాగితాన్ని కూడా దూర్చి, ఇనుప కడ్డీతో అడుగుదాకా దట్టిస్తాడు. కడ్డీని తిరిగి దాని చోట పెట్టి, చెకుముకి రాయి బిగించిన దవడను పూర్తిగా వెనక్కు లాగి, భుజానికి ఎత్తి మీట నొక్కుతాడు. రాయి ఉక్కు మూతను గీసుకుంటూ దానిని తెరుస్తుంది, నిప్పురవ్వలు పళ్ళెంలోని మందుపై పడతాయి, ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోయి లోపలి మందును అంటిస్తుంది. బాగా తర్ఫీదు పొందిన సైనికుడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలిగేవాడు. చేయి తిరగనివాడికి, పైగా ఎదుటినుంచి గుండ్లు వస్తున్నప్పుడు, రెండుసార్లు కాల్చడమే గగనం.

మందు కాలినప్పుడు గొట్టం లోపల నల్లటి మడ్డి పేరుకుంటుంది కాబట్టి, పదిసార్లు కాల్చిన తరువాత కూడా గుండు దిగాలంటే దానిని గొట్టం కంటే కాస్త చిన్నదిగానే పోయాలి. అలా వదులుగా ఉన్న గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ తగులుతూ బయటికి వస్తుంది, చివరిసారి ఏ గోడకు తగిలితే దానికి ఎదురు దిక్కుకు కాస్త వాలుతుంది. అందువల్ల 50 గజాలలో మనిషిని కొట్టవచ్చు గానీ, 100 గజాలు దాటితే ఒక్క మనిషికి గురిపెట్టి లాభం ఉండదు. అటువంటి ఆయుధంతో ఒంటరిగా నిలబడినవాడు దాదాపు నిరాయుధుడే. రెండు వందలమంది భుజం భుజం కలిపి ఒకే ఆజ్ఞకు కాల్చినప్పుడు మాత్రమే ఎదుటి వరుసలో మనుషులు కూలుతారు. వరుసగా నిలబడడం తెలివితక్కువతనమని మనకు ఈనాడు అనిపించడం సహజమే అయినా, చేతిలో ఉన్న తుపాకితో ఫలితం సాధించడానికి ఆనాటి సేనాధిపతులకు అంతకంటే మంచి దారి లేదు. ఆ వరుసలో నిలబడ్డ కుర్రవాడికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచిస్తే మాత్రం మనసు బరువెక్కుతుంది.

ఇక వాన. కార్తె తప్పకుండా వానలు చూసే రాజోలు రైతుకు ఈ సందేహం రావడం న్యాయమే. పళ్ళెంలోని మందు తడిస్తే తుపాకి పేలదు. పొడివాతావరణంలో కూడా రాయి మొద్దుబారితే పేలదు. ఒక చెకుముకి రాయి సుమారు ఇరవై ముప్పై కాల్పులకు పనికివచ్చేది. 1777 సెప్టెంబరు 16న పెన్సిల్వేనియాలో వాషింగ్టన్ సైన్యం, ఇంగ్లీషు సైన్యం ఎదురుబడి పోరు మొదలయ్యేలోపు కుండపోతగా వాన కురిసింది. అమెరికన్ల తోలు పెట్టెలు నాసిరకంగా ఉండడంతో వేలాది తూటాలు తడిసి ముద్దయిపోయాయి, వాషింగ్టన్ వెనక్కు తగ్గక తప్పలేదు. చరిత్రకారులు దానికి మేఘాల యుద్ధమని పేరు పెట్టారు. ఆ వాన ఒక సైన్యాన్ని తుపాకులు చేతిలో ఉండగానే నిరాయుధం చేసింది.

నాలుగు రోజుల తరువాత, సెప్టెంబరు 20 రాత్రి, పావోలి అనే చోట ఇంగ్లీషు సేనాని గ్రే తన సైనికుల తుపాకులలోని చెకుముకి రాళ్ళను తీయించి, పొరపాటున కూడా ఒక్క తుపాకి పేలి శత్రువును నిద్రలేపకుండా చేసి, కేవలం బాయొనెట్లతో అమెరికన్ శిబిరంపై పడ్డాడు. బాయొనెట్టంటే తుపాకి మూతికి తగిలించే పొడవైన మూడంచుల ఉక్కు మొన. ఇంగ్లీషు బాయొనెట్టు మొన 17 అంగుళాలు ఉండేది. వాన కురిసినా, మందు అయిపోయినా పనిచేసే ఆయుధం అదొక్కటే. అమెరికన్లలో చాలామందికి తొలినాళ్ళలో అది లేదు. ఉన్నవారు దానిని మాంసం కాల్చుకునే పుల్లగా వాడుకునేవారట. 1778లో వ్యాలీ ఫోర్జ్ శిబిరానికి వచ్చిన ప్రష్యా సేనాని ఫాన్ స్టాయిబెన్ వారికి బాయొనెట్టు విద్య ఓపికగా నేర్పాడు. 1779 జూలై 16న స్టోనీ పాయింట్ కోటపై ఆంథొనీ వేన్ రాత్రిపూట జరిపిన దాడిలో అమెరికన్ సైనికులలో అత్యధికులు మందు నింపని తుపాకులతో, బాయొనెట్లతోనే కోట ఎక్కి పట్టుకున్నారు.

ప్రశ్న: చెట్ల చాటునుంచి రైఫిళ్ళతో గురితప్పకుండా కాల్చినందువల్లే అమెరికన్లు గెలిచారని ఒకచోట విన్నాను. నిజమేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, భీమవరం

అందులో కొంత నిజం ఉంది, కానీ దానిమీద కట్టిన కథ నిజం కంటే చాలా పెద్దది.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి. నూనె పూసిన గుడ్డముక్కలో చుట్టి బిగువుగా దట్టించిన గుండు ఆ గాళ్ళవెంట తిరుగుతూ బయటికి రావడంవల్ల దారి తప్పదు. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను కమ్మరులు అడవిలో వేటకు పనికివచ్చేలా పొడవైన గొట్టాలతో వీటిని తీర్చిదిద్దారు. మంచి వేటగాడు 200 గజాలలో మనిషిని, చేయి మరీ స్థిరమైనవాడు ఇంకా దూరంలో కూడా కొట్టగలిగేవాడు. అందుకే 1775 జూన్ 14న వలసరాజ్యాల ప్రతినిధుల సభ అయిన అమెరికన్ కాంగ్రెస్ సైన్యం ఏర్పాటుకు చేసిన తీర్మానంలో మొదట కోరినవి పది రైఫిల్ దళాలు. 1777లో సారటోగా దగ్గర డేనియల్ మోర్గన్ రైఫిల్‌దారులు ఇంగ్లీషు అధికారులను ఏరి ఏరి కొట్టారు. ఆ పోరాటంలోనే అక్టోబరు 7న ఇంగ్లీషు సేనాని సైమన్ ఫ్రేజర్‌కు ప్రాణాంతకమైన గాయం తగిలింది.

అయితే బిగువైన గుండును దట్టించడానికి నిమిషం దాకా పట్టేది, పైగా ఆ వేట రైఫిల్‌కు బాయొనెట్టు తగిలించే వీలు లేదు. రైఫిల్‌దారుడు ఒకసారి కాల్చి మళ్ళీ నింపుకునేలోపు ఇంగ్లీషు పటాలం బాయొనెట్లు చాచి పరుగెత్తుకొస్తే, పారిపోవడం తప్ప అతడికి మార్గం ఉండేది కాదు. అందుకే తెలివైన సేనానులు రైఫిల్‌దారులకు అండగా మామూలు తుపాకులవారిని నిలబెట్టారు. 1781 జనవరి 17న కౌపెన్స్ దగ్గర మోర్గన్ స్వయంగా అలాగే చేసి గెలిచాడు. సైన్యంలో రైఫిల్‌దారులు ఎప్పుడూ కొద్దిమందే. ఇంగ్లీషు పక్షాన పోరాడిన జర్మను వేటగాళ్ళ దళాలకు కూడా రైఫిళ్ళు ఉండేవన్న సంగతి ఆ కథ చెప్పేవారు తరచు మరచిపోతారు.

నింపడంలోని ఈ ఆలస్యానికి విరుగుడు కనిపెట్టినవాడు ఒకడున్నాడు. స్కాట్లండుకు చెందిన పాట్రిక్ ఫెర్గుసన్ 1776లో గొట్టం వెనుక భాగాన మరతో తెరుచుకునే రైఫిల్ చేయించి, గాలివానలో నిలబడి నిమిషానికి నాలుగు నుంచి ఆరుసార్లు కాల్చి అధికారులకు చూపించాడు. సుమారు వంద మాత్రమే తయారయ్యాయి. 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ యుద్ధంలో అతడి కుడి మోచేయి చిట్లింది, అతడి దళం చెదిరింది, 1780 అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ దగ్గర అతడు మరణించాడు. ఆ యుద్ధంలో సైనికుడు మోసిన చేతి ఆయుధాలన్నిటిలో ఉత్తమమైనది అదేనని నా అభిప్రాయం. వంద తుపాకులతో యుద్ధగతి మారకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: కత్తులు, గొడ్డళ్ళు కూడా వాడేవారా?
— ఒక పాఠకుడు, తణుకు

వాడేవారు. ఆశ్వికులకు పొడవైన కత్తులుండేవి, పదాతి అధికారులు కత్తితోపాటు ఒకరకం పొట్టి ఈటె పట్టుకునేవారు, బాయొనెట్టు లేని రైఫిల్‌దారులు నడుముకు చేతిగొడ్డలి, కత్తి దోపుకునేవారు.

ప్రశ్న: తుపాకుల సంగతి అందరూ చెబుతారు. అంత పెద్ద యుద్ధానికి మందు ఎక్కడనుంచి వచ్చిందో వివరిస్తారా? ఇంగ్లండు వారికి అమ్మదు కదా.
— ఒక విశ్రాంత ఓడరేవు ఉద్యోగి, కాకినాడ

వచ్చిన ఉత్తరాలలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ప్రశ్న ఇది. ఈ యుద్ధాన్ని మందు సరఫరా వైపునుంచి చూస్తేనే దాని నడక అర్థమవుతుంది.

తుపాకిమందు మూడు వస్తువుల మిశ్రమం: సురేకారం, బొగ్గు, గంధకం. దీపావళికి ఇంట్లోనే మతాబులు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు కూరిన తరం ఇంకా మన కోనసీమలో ఉంది కాబట్టి ఈ ముగ్గురినీ పరిచయం చేయనక్కరలేదు. మిశ్రమంలో దాదాపు నాలుగింట మూడు వంతులు సురేకారమే. బొగ్గు ఎక్కడైనా కాల్చుకోవచ్చు, గంధకం కొద్దిగా చాలు; సురేకారం లేనివాడికి మాత్రం యుద్ధం లేదు. ఆనాటి ప్రపంచంలో మేలైన సురేకారం సమృద్ధిగా దొరికిన ప్రదేశం మన దేశంలోని బీహారు. పశువుల కొట్టాల దగ్గర, పాత గోడల మొదట తెల్లగా పొంగే ఉప్పుమట్టిని గీకి, నీళ్ళలో కరిగించి, కాచి, పేరబెట్టి నూనియా కులస్థులు దానిని తయారుచేసేవారు. ప్లాసీ యుద్ధం తరువాత, 1758లో, ఆ వ్యాపారంపై గుత్తహక్కు ఈస్టిండియా కంపెనీకి దక్కింది. అంటే అమెరికాలో ఇంగ్లీషు సిపాయి కాల్చిన మందులో పెద్ద భాగం గంగ ఒడ్డున మన బీదవాళ్ళ చేతులమీదుగా పుట్టి, కంపెనీ ఓడలలో లండను చేరి, అక్కడినుంచి అట్లాంటిక్ దాటింది.

అమెరికన్లకు ఆ వసతి లేదు. 1774 అక్టోబరులోనే ఇంగ్లీషు ప్రభుత్వం వలసరాజ్యాలకు ఆయుధాలు, మందు ఎగుమతి కాకుండా నిషేధించింది. అంతకుముందు సెప్టెంబరు 1న బోస్టన్ పక్కనున్న మందుగిడ్డంగిని సైనికాధికారి గేజ్ ఖాళీ చేయించాడు. డిసెంబరులో న్యూహాంప్‌షైర్ వాసులు ఒక కోటపై పడి సుమారు వంద పీపాల మందు పట్టుకుపోయారు. కాంకర్డ్ గ్రామానికి ఇంగ్లీషు పటాలం కదిలింది కూడా అక్కడ దాచిన ఆయుధాలను, మందును స్వాధీనం చేసుకోవడానికే. అలా మందు కోసం జరిగిన పెనుగులాటలోనే ఆ యుద్ధం పుట్టింది.

1775 జూన్ 17న బంకర్ హిల్ దగ్గర అమెరికన్లు రెండుసార్లు ఇంగ్లీషువారిని వెనక్కు కొట్టి, మూడోసారి మందు అయిపోయి కొండ వదిలేశారు. ఇంగ్లీషువారికి ఆ రోజు వెయ్యి మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. ఆగస్టులో వాషింగ్టన్ నిల్వలు లెక్క వేయించగా, సైనికుడికి తొమ్మిది తూటాలకు మించి మందు లేదని తేలింది. శత్రువుకు ఈ రహస్యం తెలియకుండా ఆయన నెలలపాటు బోస్టన్‌ను చుట్టుముట్టి కూర్చోవడం ఏ యుద్ధంలో గెలుపుకూ తీసిపోని సాహసం. 1776 ఫిబ్రవరిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు, విల్లంబులు వాడడం మేలని, మనిషి ఒక గుండు కాల్చేలోపు నాలుగు బాణాలు వేయగలడని, పొగ కూడా రాదని చార్లెస్ లీ అనే సేనానికి నిజంగానే ఉత్తరం రాశాడు.

ఆ శీతాకాలంలోనే హెన్రీ నాక్స్ అనే పుస్తకాల వ్యాపారి, అమెరికన్ల చేతికి చిక్కిన టైకొండరోగా కోటనుంచి 59 ఫిరంగులను, సీసాన్ని, ఒక పీపా చెకుముకి రాళ్ళను మంచుమీద బోస్టన్‌కు లాగించాడు. 42 గట్టి జారుబళ్ళు చేయించానని, 80 జతల ఎడ్లను ఏర్పాటు చేశానని ఆయన వాషింగ్టన్‌కు రాశాడు. ఆ ఫిరంగులను కొండమీదికి ఎక్కించగానే, 1776 మార్చి 17న ఇంగ్లీషువారు బోస్టన్ వదిలి ఓడలెక్కారు.

మందు మాత్రం సముద్రం మీదుగానే రావలసి వచ్చింది. పల్లెపల్లెనా సురేకారం తీయమని కాంగ్రెస్ కరపత్రాలు పంచింది గానీ చాలినంత రాలేదు. కరీబియన్ సముద్రంలో డచ్చివారి సెయింట్ యుస్టేషియస్ అనే చిన్న దీవి దొంగచాటు మందు వ్యాపారానికి సంతగా మారింది. ఆ కోపంతోనే 1781 ఫిబ్రవరిలో ఇంగ్లీషు నౌకాధిపతి రాడ్నీ దానిని దోచుకున్నాడు. ఫ్రాన్సు బహిరంగంగా యుద్ధంలో దిగకముందే, నాటకకర్త బోమార్షే పేరుకు ఒక వ్యాపార సంస్థ పెట్టి, రాజు ఇచ్చిన ధనంతో రాజుగారి ఆయుధాగారాల తుపాకులను, ఫిరంగులను, మందును పంపాడు. 1777 వసంతంలో ఆ సంస్థ ఓడలు న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ రేవు చేరాయి. అదే సంవత్సరం అక్టోబరు 17న సారటోగా దగ్గర ఇంగ్లీషు సేనాని బర్గోయిన్ లొంగిపోవడానికి ఆ సరుకు పెద్ద కారణం.

ఫ్రాన్సుకు అంత మందు ఎలా వచ్చిందన్నది మరొక ఆసక్తికరమైన సంగతి. భారతదేశంలో పట్టు తప్పాక బీహారు సురేకారం ఫ్రెంచివారికి అందకుండా పోయింది, యుద్ధకాలంలో డచ్చి వ్యాపారుల దగ్గర ఎక్కువ ధరకు కొనవలసివచ్చేది. ఆ అవమానంనుంచి బయటపడాలని 1775లో ప్రభుత్వం మందు తయారీని కొత్త శాఖకు అప్పగించి, దాని అధికారులలో ఒకరిగా రసాయన శాస్త్రవేత్త లావోయిజేను నియమించింది. ఆయన పర్యవేక్షణలో దేశంలోనే సురేకారం ఉత్పత్తి పెరిగింది, మందు నాణ్యత కూడా మెరుగుపడింది. ప్రాణవాయువు గురించి మనం బడిలో చదువుకునే లావోయిజే, అమెరికన్ సైనికుడి పళ్ళెంలోని మందు వెనుక కూడా ఉన్నాడు.

ప్రశ్న: ఆ యుద్ధానికీ మా యానాంకూ ఏమైనా సంబంధం ఉందా?
— ఒక విద్యార్థిని, యానాం

ఉంది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికాతో ఒప్పందం చేసుకోగానే ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలైంది. ఆ వార్త మన దేశానికి చేరిన వెంటనే ఇంగ్లీషు కంపెనీ ఫ్రెంచి స్థావరాలను వరుసగా పట్టుకుంది. అదే సంవత్సరం అక్టోబరులో పుదుచ్చేరి కూడా లొంగిపోయింది. 1783 సెప్టెంబరు 3న, పారిస్‌లో అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించే సంధి కుదిరిన రోజునే, వెర్సాయిలో ఫ్రాన్సుతో జరిగిన సంధి ప్రకారం ఆ స్థావరాలు తిరిగి ఫ్రెంచివారికి దక్కాయి. ఆనాటి సంధి పత్రంలో మీ తీరాన్ని ఒరిస్సా తీరమని రాశారు.

తుపాకుల సంబంధం ఇంకా పాతది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంగ్లీషువారి ఇంజరం, బెండమూర్లంక, మాధవాయపాలెం వర్తక స్థావరాలను పట్టుకున్నాడు. 1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువలోని చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి రాజమహేంద్రవరాన్ని, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నాన్ని కూడా స్వాధీనం చేసుకున్నాడు. ఇరుపక్షాల తెల్లసైనికుల చేతుల్లోనూ చెకుముకి తుపాకులే. తూటా కొరకడం, దట్టించడం, వరుసగా నిలబడి ఒక్కసారి కాల్చడం అంతా పై జవాబులో చెప్పిన పద్ధతే. పదిహేడేళ్ళ తరువాత అమెరికాలో మోగినవి, మన మెట్ట పొలాల్లో అప్పటికే మోగిన తుపాకుల తోబుట్టువులు.

ప్రశ్న: అమెరికన్ ఓడ ఒకదానికి హైదర్ అలీ పేరు పెట్టారని విన్నాను. మైసూరు రాకెట్లు అమెరికాకు వెళ్ళాయా?
— ఒక పాఠకుడు, పిఠాపురం

రాకెట్లు వెళ్ళలేదు, పేరు మాత్రం వెళ్ళింది. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ నడిపిన ఇంగ్లీషు దళాన్ని హైదర్ అలీ మైసూరు సైన్యం తుడిచిపెట్టిందన్న వార్త, అదే ఇంగ్లండుతో పోరాడుతున్న అమెరికన్లకు ఎంతో ఊరటనిచ్చింది. పెన్సిల్వేనియా రాష్ట్రం ఒక యుద్ధనౌకకు హైదర్ అలీ అని పేరు పెట్టింది. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో యువ కెప్టెన్ జాషువా బార్నీ ఆ ఓడతో, తనకంటే బలమైన జనరల్ మాంక్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకను అరగంటలోపే లొంగదీశాడు. మైసూరు రాకెట్ల ప్రత్యేకత మందును ఇనుప గొట్టంలో కూరడం. యూరపులో కాగితపు గొట్టాలే వాడుకలో ఉన్న రోజులవి. వాటిని చూసి ఇంగ్లండులో కాంగ్రీవ్ రాకెట్లు తయారయ్యేసరికి పందొమ్మిదో శతాబ్దం వచ్చింది.

ప్రశ్న: మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని ఈ యుద్ధంతో పోల్చవచ్చా? ఆయన దళానికి ఆయుధాలు ఎక్కడివి?
— ఒక పాఠకురాలు, రామచంద్రపురం

కాలం వేరు, జనసంఖ్య వేరు, ప్రత్యర్థి బలం వేరు కాబట్టి మొత్తంగా పోల్చడం కుదరదు. ఆయుధాల విషయంలో మాత్రం పోలిక చాలా దగ్గరగా ఉంది. 1878 ఆయుధాల చట్టం తరువాత లైసెన్సు లేకుండా తుపాకి పట్టడం మన ప్రజలకు నేరమైంది. పోడు సాగును అణచిన అటవీ చట్టాలతో, వెట్టిచాకిరితో నలిగిన మన్యం ప్రజల దగ్గర ఉన్నవి విల్లంబులు, కత్తులు, కొద్దిపాటి నాటు తుపాకులు. కాంకర్డ్ రైతుల ఇంట్లో వేట తుపాకి ఉండేది. మన్యపు రైతుకు అదీ అరుదే. అందుకే సీతారామరాజు మొదటి దెబ్బ నేరుగా ఆయుధాలున్న చోటే కొట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి, మూడు రోజులలో 26 తుపాకులను, 2500కు పైగా తూటాలను తీసుకున్నారు. తీసుకున్నవాటిని స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి వెళ్ళడం ఆయన తీరు. తూటాకొక మనిషి చొప్పున లెక్క వేసుకునే స్థితిలో ఉన్న దళానికి ఇది ఎంత పెద్ద సంపదో, వాషింగ్టన్ తొమ్మిది తూటాల లెక్కను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కాపుకాసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కూల్చింది ఈ ఆయుధాలతోనే.

ప్రభుత్వం త్వరగానే పాఠం నేర్చుకుంది. అక్టోబరు 15న అడ్డతీగల మీద, 19న రంపచోడవరం మీద రాజు దళం దాడి చేసినప్పుడు ఆయా స్టేషన్లలో ఆయుధాలు దొరకలేదు. వాటిని ముందే దాచివేశారు. ఆ తరువాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ సైనికులు ఆధునిక తుపాకులతో మన్యంలో దిగారు. అమెరికన్లకు తుపాకులు దింపడానికి పోర్ట్స్‌మత్ రేవు, అమ్మడానికి డచ్చి దీవి, పంపడానికి ఫ్రాన్సు రాజు ఉన్నారు. మన్యం దళానికి సముద్రం దగ్గరలోనే ఉన్నా ఒక్క రేవు కూడా తనది కాదు. కాకినాడ, విశాఖపట్నం రెండూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. స్టేషన్లలో ఆయుధాలు దొరకడం మానిన తరువాత, పేల్చిన ప్రతి తూటా తిరిగి రానిదే అయిన స్థితిలో, ఆ దళం 1924 మే 7న సీతారామరాజు మరణించేవరకు పోరాటాన్ని నిలబెట్టింది.